కాపలా తీగ

ఆ ఇంటికి కోడలై వచ్చిన వెంటనే ఆమెకి రెండు పనులు అప్పగించారు. ఒకటి, పొద్దున్నే గేటు దగ్గరి పాల ప్యాకెట్లు లోపలికి తేవడం. రెండోది, క్రిస్మస్ దీపాల పెట్టెలు అటక మీంచి దించాక తీగల చిక్కులు విప్పడం. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోదానికి మాత్రం గోళ్ళుండాలి, ఓపికుండాలి, మావగారి తిట్లు అరిగించుకునే పొట్ట ఉండాలి. మూడూ తనకున్నాయని ఆమె మొదటి పూటే నిరూపించుకుంది.

హాలు నిండా తీగలే. సోఫా మీద పచ్చవి, బల్ల మీద నీలం, నేల మీద ఏ రంగో తేలని పెద్ద కుప్ప. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ కుప్పని ఒళ్ళోకి లాక్కుంది. రెండో కొస పట్టుకుని ఎదురుగా భర్త. ముడి వదులైనప్పుడల్లా ఇద్దరి వేళ్ళూ తగులుకునేవి. తగిలినప్పుడల్లా ఆమెకి నవ్వొచ్చేది. పెళ్ళై నెల తిరగని మనిషికి నవ్వడానికి కారణం వెతుక్కోవాల్సిన అవసరం ఏముంది?

"చేతులు వైర్ల మీద ఉండాలి," అన్నారు మావగారు, తల ఎత్తకుండానే. ఆయన దుప్పి మెడ విప్పుకుని కూర్చున్నారు. ఇనప తీగతో అల్లిన నిలువెత్తు దుప్పి అది. దాని మెడలో పాత కారు వైపరు మోటారు బిగించారు. స్విచ్చి వేస్తే దుప్పి గుర్రుమంటూ తల ఆడిస్తుంది.

మావగారు రిటైరైన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో జనాన్ని ఏళ్ళ తరబడి పైకీ కిందకీ తిప్పి, ఇప్పుడు ఇంట్లోవాళ్ళని తిప్పుతున్నారని కొడుకు చాటుగా అంటుంటాడు. కొత్త కోడలికి ఆయన ముందుగా చూపించింది నక్షత్రం కాదు, దుప్పీ కాదు, ఓ ఎర్ర బల్బుల దండ.

"ఇది కాపలా తీగ. విను అమ్మాయ్. లిఫ్టులో ఏ అంతస్తులోనైనా ఒక్క తలుపు సరిగ్గా పడలేదనుకో, లిఫ్టు కదలదు. ఎందుకంటే తలుపులన్నిటినీ ఒకే తీగ చుట్టి వస్తుంది. నా ఇల్లూ అంతే. ఈ ఎర్ర దండలో ఒక్క బల్బు వదులైతే చాలు, నక్షత్రం, దుప్పి, చూరు దీపాలు మొత్తం టప్‌మని ఆరిపోతాయి. పన్ను ఊడిన నవ్వులా నా ఇల్లు జనానికి కనిపించకూడదు."

"మా ఇంట్లో భోజనాలూ అంతే," అన్నాడు భర్త ఆమె చెవిలో. "ఒక్కరు అలిగితే అందరికీ పస్తు."

ఆమె పకపకా నవ్వింది. వంటగదిలో అత్తగారి చేతిలో గిన్నె చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

సాయంత్రానికి అన్నీ ఎక్కించారు. భర్త నిచ్చెన మీద, ఆమె నిచ్చెన కింద, మావగారు రోడ్డు మధ్యలో నిలబడి కేకలు వేస్తూ. చూరు పొడుగునా తెల్లటి దీపాలు జల్లులా వేలాడాయి. కాపలా తీగ వరండా మూల నుంచి బయలుదేరి, వంటింటి కిటికీ చుట్టూ తిరిగి, దండెం పక్కగా పోయి గుమ్మం దగ్గర ముగిసింది. మావగారు స్విచ్చి వేశారు. రోడ్డంతా పట్టపగలైపోయింది. ఆమె చప్పట్లు కొట్టి గంతు వేసింది. తన చేతులు ఆకుపచ్చగా మారాయి, మరుక్షణం గులాబీ రంగుకి తిరిగాయి. భర్త ముక్కు నీలంగా ఉంది. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషమేమిటని ఆమె తనని తానే అడగబోయి మానేసింది.

ఎదురింటి కిటికీ ధడాలున తెరుచుకుంది. కిటికీకి కట్టిన నల్లగుడ్డ పక్కకి తోసి ఓ ఆడమనిషి తల బయటపెట్టింది. జుట్టు రేగి ఉంది. ఒక చెంప మీద దిండు ముడతలు.

"ఆర్పండి! ఇల్లు తగలబడిందనుకున్నాను!"

"కళ్ళు మూసుకో, సరిపోతుంది. రెప్పలిచ్చింది అందుకే," అన్నారు మావగారు.

"మీకు పెదాలిచ్చారు, మూస్తున్నారా?"

"సాయంత్రం ఆరింటికి పడుకునేది నువ్వొక్కదానివేనే, గుడ్లగూబా! నీకోసం ఊరంతా దుప్పటి కప్పుకోవాలా?"

"అర్ధరాత్రి లేచి ఆ ఊరందరికీ బ్రెడ్డు చేసేది కూడా నేనొక్కదాన్నే. పొద్దున మెత్తగా తింటారుగా, అప్పుడు ఏమైంది నోరు?"

కిటికీ మూసుకుంది. నల్లగుడ్డ అంచుల చుట్టూ వేళ్ళు కదిలాయి, సందు లేకుండా నొక్కుతూ.

"ఎవరు?" అంది కోడలు.

"బేకరీ ఆవిడ. ఏటా ఇదే గోల," అన్నారు మావగారు. "అరవడం ఒకటే అయితే ఊరుకుందును. బల్బులు తీస్తుంది. ఏటా, కాపలా తీగలోంచే! ఎన్నిసార్లు ఆర్పిందో. దొంగ!"

తను రోజంతా గోళ్ళు విరిగేలా విప్పిన దీపాలు అవి. కొత్త కోడలికి చిర్రెత్తుకొచ్చింది. చిర్రుతోపాటు ఓ చిలిపి ఆలోచనా వచ్చింది. వెళ్ళి దుప్పిని రెండు చేతులా పట్టుకుని ఎదురింటి కిటికీ వైపు తిప్పింది. దుప్పి కళ్ళలోని రెండు పెద్ద దీపాలూ సూటిగా నల్లగుడ్డ మీద పడ్డాయి. దుప్పి గుర్రుమని తలాడించింది.

"ఇప్పుడు ఆవిడకి రోజూ దణ్ణం పెడుతుంది!"

మావగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అదీ! ఇన్నేళ్ళకి ఈ ఇంటికి తెలివైన మనిషి వచ్చింది."

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు చేతిలోని టీ గ్లాసులు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం జనం గేటు దగ్గర పోగవుతుండగా ఇల్లు టప్‌మని ఆరిపోయింది. "తీసింది! గుడ్లగూబ తీసింది!" అంటూ మావగారు కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగారు. కోడలు చీకట్లో ఎర్ర దండని వేలితో తడుముతూ వెళ్ళింది. బల్బు, బల్బు, బల్బు, ఖాళీ. వంటింటి కిటికీ పక్కన. కొత్త బల్బు బిగించగానే ఇల్లు మళ్ళీ వెలిగింది. జనం ఓహో అన్నారు. మావగారు ఆమె వీపు తట్టి, రోడ్డు దాటి ఎదురింటి తలుపు దబదబా బాదారు.

ఆ ఇంటి ఓనరు ఆయనకి తెలిసినవాడే. మర్నాడు పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చుని, సిగరెట్టు బూడిద పూలకుండీలో దులుపుతూ అన్నాడు: "నాకూ రోజూ ఈ పంచాయితీ ఎందుకండీ? దొంగ అని మీరు తేల్చండి. నెలాఖరుకి ఖాళీ చేయించే పూచీ నాది."

"తేలుస్తాను. పండగ ముందురోజు సాయంత్రం రండి. మా కోడల్ని కాపలా పెడతాను. పదునైన పిల్ల," అన్నారు మావగారు.

కోడలికి ఆ మాట తీపిగా తగిలింది. ఆ తీపి నోట్లో పెట్టుకునే బేకరీకి వెళ్ళింది, బ్రెడ్డు తేవడానికి. బ్రెడ్డు రోజూ భర్తే తెస్తాడు. ఇవాళ ఆమె కావాలనే వెళ్ళింది, దొంగని పగటి వెలుతురులో ఓసారి చూద్దామని.

బేకరీ ఆవిడ వెనక గదిలో పొయ్యి ముందు నిలబడి ఉంది. పొడవాటి కర్ర గరిటెతో రేకులు బయటికి లాగుతోంది. లాగి, ఓ క్షణం ఆ కర్రకే ఆనుకుని నిలబడింది. కళ్ళు మూతపడ్డాయి. తల ముందుకి వాలింది. ఉలిక్కిపడి తేరుకుని మళ్ళీ లాగింది. మోచేతి దాకా చేతి మీద పొడుగాటి ఎర్రచారలు, రేకు అంచు ఎక్కడెక్కడ తగిలిందో లెక్క చెబుతున్నట్టు. ఒకటి ఇంకా పచ్చిగా మెరుస్తోంది.

కోడల్ని చూసి ఆమె పిండి చేతులు నడుముకి తుడుచుకుంది.

"ఓహో, కొత్త కోడలా! దుప్పిని తిప్పింది నువ్వేగా? గుడ్డ సందులోంచి చూశాను. గంతులు బాగా వేస్తావు."

"మీరు బల్బులు తీయకపోతే మాకు మీ జోలి ఎందుకండీ?"

"చదువుకున్నావా?"

"కాలేజీ చదివాను."

"ఏం చదివావమ్మా! నాకు తీయాలనుంటే ఒక్క బల్బు తీస్తానా? చేతికి రాయి దొరకదా? నీ దుప్పి మెడ విరిచి పొయ్యిలో పెట్టనా?" బ్రెడ్డు కాగితంలో చుట్టి కౌంటరు మీదకి విసిరింది. "మీ మావ మాట విని ఓనరు రాత్రే ఇంటికొచ్చి బెదిరించి పోయాడు. అర్ధరాత్రి నడిచి బేకరీకి రావాలి నేను. ఈ చుట్టుపక్కల నాలాంటి ఒంటిదానికి ఇల్లిచ్చేవాడు ఇంకొకడు లేడు. ఇల్లు పోతే పని పోతుంది. వెళ్ళి చెప్పుకో, సంతోషిస్తారు."

బ్రెడ్డు వేడిగా ఉంది. దారంతా ఆమె దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నడిచింది. వేడి బ్రెడ్డు పట్టుకుంటే ఎప్పుడూ కొంచెం తుంచి తినాలనిపించేది. ఇవాళ అనిపించలేదు. మాట మాత్రం గుచ్చుకుంది. రాయి విసిరే నోరే అది. చీకటిమాటున వచ్చి ఒక్క బల్బు మాత్రం, అదీ పగలకుండా, తీసుకుపోయే చేయి కాదు. ఇంటికొచ్చి గేటు గడియ తీస్తూ ఆగింది. గడియ కీచుమంది. నిన్న సాయంత్రం ఈ చప్పుడు విన్నట్టు ఆమెకి జ్ఞాపకం రాలేదు.

ఆ సాయంత్రం దీపాలు వెలిగాక ఆమె దండెం ఎదుట నిలిపిన స్కూటరు వెనక దాక్కుని, దొంగ కోసం చతికిలబడి కూర్చుంది. దోమలు. గేటు బయట ఎవరో దుప్పికి పేరు పెడుతున్నారు. అత్తగారు దండెం మీద ఆరిన బట్టలు తీయడానికి వచ్చారు. ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకుంటున్నారు. చివరిది తువ్వాలు. దాన్ని చేతికి చుట్టుకున్నారు. అటూ ఇటూ చూడలేదు. కాలిన గిన్నె దించే మనిషికున్నంత అలవాటుగా, తువ్వాలు చేత్తో ఎర్ర బల్బుని పట్టుకుని మూడు మెలికలు తిప్పారు.

ఇల్లు ఆరిపోయింది.

చీకట్లో ఎక్కడో రేకు డబ్బా మూత పడ్డ చప్పుడు. బయట మావగారి కేకలు అప్పటికే మొదలయ్యాయి.

కోడలు వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తగారు కొవ్వొత్తి వెలుతురులో తువ్వాలు మడత పెడుతున్నారు.

"చూశావా?"

"చూశాను."

"చెప్తావా?"

"ఎందుకు తీస్తున్నారత్తయ్యా?"

"ఎదురింటిది నిద్రమత్తులో పిండి కలిపే మిషన్లో చేయి పెట్టబోయిందట ఓసారి. పక్కవాళ్ళు లాగారు. లేకపోతే చేయి పోయేది. ఆ మర్నాటి నుంచి తీస్తున్నాను. ఆయన వెతికి పెట్టేలోపు కాస్త కునుకు పడుతుంది దానికి."

"మావయ్యగారికి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. ఆ ఏడాది నక్షత్రం పెద్దది చేశారు."

నవ్వు రావలసిన చోట రాలేదు. "కానీ అత్తయ్యా, దొంగతనం ఆవిడ మీద పడుతోంది. ఇల్లు పోతుంది."

మడత ఆగింది. "పడుతోంది," అన్నారు అత్తగారు. తువ్వాలు పక్కన పెట్టారు. "బల్బు తీయడానికి నా చేయి వచ్చింది. నోరు రాలేదు. నువ్వు దుప్పిని తిప్పావుగా. నీకు నోరుందా?"

ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మాట తేలు కుట్టినట్టు కుట్టింది.

పండగ ముందురోజు పొద్దున భర్త నిచ్చెనెక్కి నక్షత్రం సరిచేస్తున్నాడు. కింద పట్టుకున్న ఆమె అడిగింది: "బల్బులు తీసేది ఎవరో నీకు తెలుసా?"

సుత్తి చప్పుడు ఆగింది. "చిన్నప్పుడే చూశాను."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఇంట్లో గొడవెందుకని. ఎదురింటావిడ ఎలాగూ గయ్యాళేగా, ఓ నాలుగు తిట్లు పడితే ఏం పోయింది?"

ఆమె నిచ్చెన వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. "ఏయ్! ఏయ్, పడతాను!" అన్న కేక వెనక నుంచి వినిపించింది. పెళ్ళయ్యాక అతని గొంతు వినీ ఆమె వెనక్కి తిరగకపోవడం అదే మొదలు.

సాయంత్రం వీధి నిండిపోయింది. భుజాల మీద పిల్లలు, చేతుల్లో ఫోన్లు. ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని మావగారి పక్కన నిలబడ్డాడు. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రెండు చేతులూ ఒళ్ళో, ఒకదాన్నొకటి పట్టుకుని. దీపాలు వెలిగాయి. జనం హోరెత్తారు. చూరంతా జల్లు, పైన నక్షత్రం, కింద దుప్పి గుర్రుగుర్రుమంటూ ఎదురింటికి దణ్ణాలు. ఎంత కోపంలో ఉన్నా ఆమె గుండె ఒక్కసారి గంతేసింది. అంత అందంగా ఉంది.

ఎంతసేపటికీ ఆరలేదు. అత్తగారు కుర్చీలోంచి లేవలేదు.

"చూశారా?" అన్నారు మావగారు, అందరికీ వినపడేట్టు. "కాపలా పెట్టాను, మీరొచ్చారు, దొంగ తోక ముడిచింది! ఇంతకంటే రుజువు కావాలా?"

ఓనరు తలాడించాడు, దుప్పికంటే నెమ్మదిగా. రోడ్డు దాటి తలుపు కొట్టాడు. బేకరీ ఆవిడ బయటికొచ్చింది, కళ్ళు చిట్లించుకుని, దీపాలకి చేయి అడ్డం పెట్టుకుని. ఆ చేతి మీది ఎర్రచారలన్నీ రంగు రంగుల్లో మెరిశాయి.

"నెలాఖరుకి ఖాళీ చేసెయ్. ఇంక మాటల్లేవు."

"నేనేం చేశానయ్యా?"

"ఇన్నాళ్ళూ చేసింది ఇవాళ చేయలేదుగా. అదే," అన్నారు మావగారు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

బేకరీ ఆవిడ నోరు తెరిచింది. ఎప్పుడూ కత్తిలా ఆడే నోరు. అందులోంచి ఈసారి మాట రాలేదు. ఎదురుగా ఉన్న అన్ని దీపాల్లోకీ ఒకసారి చూసి, చేయి దించేసింది.

కోడలు అత్తగారి వైపు చూసింది. ఒళ్ళో ఉన్న చేతులు బిగుసుకున్నాయి, అంతే. కోడలు వరండా మూలకి నడిచింది. చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది. వందమంది చూస్తుండగా, ఎర్ర బల్బుని పట్టుకుని మెలికలు తిప్పింది.

ఇల్లు టప్‌మని ఆరిపోయింది. దుప్పి సగం వంచిన తలతో ఆగిపోయింది.

"అమ్మాయ్! ఏం చేశావ్?"

"తీశాను మావయ్యగారూ. ఇలా తీయాలంటే వరండాలో నిలబడాలి. బయటి మనిషి చేయి అందదు. రోజూ ఖాళీ కనపడేది వంటింటి కిటికీ దగ్గర, దండెం దగ్గర. ఆవిడ గేటు తీస్తే కీచుమనదా?"

"నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. ఇన్నేళ్ళూ ఎవరు తీశారు?"

ఆమె బల్బుని కొంగులో చుట్టుకుంది. ఎవరి వైపూ చూడలేదు. భర్త గేటు పక్కన నిలబడి చెప్పుతో నేల గీకుతున్నాడు. తలెత్తి వాళ్ళమ్మని చూశాడు. మావగారు కొడుకు చూపు వెంబడే చూశారు.

కుర్చీ కిర్రుమంది. అత్తగారు లోపలికి వెళ్ళి, బిస్కట్ల రేకు డబ్బా ఒకటి పట్టుకొచ్చి, మావగారి కాళ్ళ ముందు మెట్టు మీద పెట్టి మూత తీశారు. ఎవరో ఫోను లైటు వేశారు. డబ్బా నిండా ఎర్ర బల్బులు. ఒక్కటీ పగల్లేదు. ప్రతి బల్బుకీ దూది చుట్టి ఉంది.

మావగారు ఒక దాన్ని తీసి వెలుగులో తిప్పి చూశారు. తన బల్బుని తను గుర్తుపట్టకుండా ఉంటారా? అలాగే మెట్టు మీద కూలబడ్డారు.

బేకరీ ఆవిడ రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చింది. కోడలి వైపు చూడలేదు. అత్తగారితోనే అంది:

"మీరా?"

"నీకు కాస్త నిద్ర పడుతుందని..."

"పడింది. ఆ కాస్తా పడింది. తెల్లారి లేచేసరికి వీధి మొత్తం దొంగ అనేది. ఆ కిటికీలోంచి వింటూనే ఉన్నారు కదమ్మా ఇన్నేళ్ళూ? మీకు నిద్ర ఎలా పట్టింది?"

అత్తగారు తల దించుకున్నారు. బేకరీ ఆవిడ ఓనరు వైపు తిరిగింది. "ఖాళీ చేయాలా?" ఓనరు చొక్కా కాలరు సర్దుకుని, రేపు మాట్లాడదాం అని గొణుగుతూ జనంలో కలిసిపోయాడు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఏవండీ, ఇంక వెలిగించరా?" అన్నారు ఎవరో గేటు బయట నుంచి. భుజం మీది పిల్ల ఒకటి ఏడుపు అందుకుంది.

మావగారు మెట్టు మీంచే చేయి చాపారు. "అమ్మాయ్, ఆ బల్బు ఇలా ఇవ్వు."

కొంగులో బల్బు ఇంకా వేడిగానే ఉంది. ఆమె దాన్ని తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. మావగారి చేయి అటు తిరిగింది. "ఇవ్వు."

అత్తగారు బల్బుకి దూది చుట్టారు. డబ్బాలో పెట్టారు. మూత నొక్కారు.

"రేపు పొద్దున ఇస్తాను," అన్నారు.

చిన్న గొంతే. కానీ వరండా చివర వరకూ వినిపించింది. మావగారు చాపిన చేయి గాల్లోనే కాసేపు ఉండి, మోకాలి మీదకి దిగింది.

జనం పలచబడ్డారు. ఎదురింట్లో ఏదో చిరిగిన చప్పుడైంది. కిటికీకి కట్టిన నల్లగుడ్డ ఊడి వచ్చింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరుచుకున్నాయి. చీకట్లోంచి ఆ గొంతు, ఎప్పటిలాగే, కత్తిలా:

"ఆ దుప్పి మొహం అటు తిప్పండి! ఆరినా నన్నే చూస్తోంది!"

కోడలు మెట్లు దిగింది. భర్త కూడా ఒక అడుగు వేశాడు. ఆమె చూసిన చూపుకి ఆగిపోయాడు. తనొక్కతే దుప్పి మెడ చుట్టూ చేతులు వేసి, నేల మీద ఇనుము గీసుకుంటుంటే మెల్లమెల్లగా తిప్పింది, పూర్తిగా ఇంటి వైపుకి. వంచిన తలతో దుప్పి ఇప్పుడు మెట్టు మీద కూర్చున్న మావగారికి ఎదురుగా నిలబడింది.